సంజాయిషీ

ఎంపీడీఓ సారుకు
కరిగుట్టపల్లి మేటు వన్నూరమ్మ రాసుకొనేది.
మీ నోటీసు నిన్న సాయంత్రం అందినాది.
‘మస్టరులో నలభై ఒకరు, ఫోటోలో నలభై రెండు మొగాలు,
అదనపు మనిషి ఎవరో మూడు దినాల్లో తెలుపుము’ అని.
తెలుపుతాండా.

కానీ సార్, ముందు ఇంకో లెక్క ఉండాది.
పోయిన మంగళవారం మస్టరులో నలభై ఒకరే,
ఫోటోలో నలభై.
అప్పుడు నోటీసు రాలేదు.

ఆ పొద్దు ఆరింటికే తిప్పక్క గడారి పట్టింది.
కరిగుట్ట సంగతి మీకు తెలీదు,
పైన జానెడు గరుసు, కింద అంతా పలుగురాయి.
గడారేస్తే నిప్పులు లేచి
మోచెయ్యి దాకా జిల్లుమంటాది.
మూడు బారల కందకం తీసింది, అయిదు నెలల బాలింత.
పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతే
పన్నెండింటికి ఇంటికి పోయింది.
రెండింటి ఫోటోలో లేదు.
కందకం ఉండాది, తవ్వినామె లేదు.
ఫోను సున్నా రాసింది.
దానికి చెప్పి చూసినా సార్.
తెలుగు చదవను వచ్చు దానికి, చెవులు లేవు.

సిగ్నలు ఒక్క గుండు మీదనే దొరుకుతాది.
మేము దాన్ని ఢిల్లీగుండు అంటాం.
పదకొండు లోపల అందరూ పని ఇడిసి
ఆ గుండు కిందికి రావల్ల,
ఎండకు ఎదురు నిలబడి మొగాలు చూపీయల్ల.
‘రూపాయి ఇచ్చేటోడు ఎప్పుడూ మొగం చూపీడు,
తీసుకొనేటోళ్ళం దినానికి రెండుసార్లు చూపీయల్ల’
అంటాడు కుళ్ళాయప్ప.
ఆయప్ప మాటకూ నోటీసుకూ సంబంధం లేదు,
కొట్టేయండి.

ఎలక్షన్ మీటింగుకు కళ్యాణదుర్గం పోయినప్పుడు
రెండు లారీల్లో మమ్మల్నే ఎక్కించినారు.
నూరు మందిమి పోతే
వెయ్యిమంది వచ్చినారని మైకులో చెప్పిరి.
ఆ పొద్దు ఎవరూ రుజువు అడగలేదు.
మీటింగులో ఒకరు పదిమంది,
గుట్ట మీద ఒకరు ఒకరే అని నమ్మించను
నాకు మధ్యాన్నం దాకా పడతాది.

వచ్చేటప్పుడు బస్సులో ఎరువుల అంగడాయన
పక్కాయనతో అంటాండె:
‘ఊరికే పంచిపెట్టి జనాన్ని సోమరులు చేసిరి.’
నా ఒళ్ళో కొలకట్టె ఉండె.
ఆయన అంగట్లో మూటలన్నీ సబ్సిడీవే.
నేనేమీ అనలేదు, టిక్కెట్టు చిల్లర రావల్ల.

కాగితాల్లో మమ్మల్ని లబ్ధిదారులు అని రాస్తారు.
నేను పది పాసైనా, అర్థం తెలుసు.
గుట్ట నెత్తిన పడిన వాన మా కందకాల్లో నిలబడి
కింద దానిమ్మ తోటల బోర్లలోకి దిగుతాది.
ఆ తోటల్లో మాకొక్క చెట్టు లేదు.
లబ్ధి యాడికి పోతాదో
మాకన్నా నీళ్ళకు బాగా తెలుసు.

ఇంక అసలు సంగతికి వస్తా.
బుధవారం తిప్పక్క ఇంటికి పోలేదు.
బిడ్డనే తెచ్చుకునింది.
నిన్న తను తవ్విన కందకంలోనే,
ఆ సున్నా కందకంలో,
పాత పంచె పరిచి తుమ్మకొమ్మ నీడ చేసి పండబెట్టింది.
రెండింటికి చంకనేసుకొని వరసలో నిలబడింది.
బిడ్డ అప్పుడే నిద్ర లేచి ఫోను దిక్కు చూసింది.
ఫోను నలభై రెండు అనింది.
నలభై ఏండ్లుగా ఈ గుట్ట కింద ఉండాను సార్,
సర్కారు మాకు ఒకటి ఎక్కువ రాయడం
ఇదే చూడటం.

కాబట్టి మీరు అడిగిన వివరాలు:
అదనపు మనిషి, తిప్పక్క కూతురు.
వయసు అయిదు నెలలు.
పేరు ఇంకా పెట్టలేదు,
కూలి డబ్బు బ్యాంకులో పడినాక పెడతారంట.
జాబు కార్డు లేదు.
చేసిన పని: తల్లిని పనిలో నిలబెట్టింది.
కూలి అడగలేదు.

ఈ బిడ్డ ఒకటిని తీసి
మంగళవారం వాళ్ళమ్మ సున్నాలో వేయను వీలైతే
దయచేసి చూడవల్ల.
నమ్మకం లేకపోతే గుట్టకు రండి.
కందకం యాడికీ పోలేదు, కొలకట్టె నా దగ్గరే ఉండాది.
పదకొండు లోపల మటుకు రండి సార్.
పొద్దెక్కితే
మిమ్మల్ని కూడా తీసుకోదు సర్వరు.