పెన్సిల్ రాత

థింగేయ్రి రేవులో చేపలు తూచే గదిలో
కాటా పక్కన రెండు పుస్తకాలుంటాయి.
ఒకటి బరువులది. రెండోది హాల్‌బేరాది.

దాని అట్ట మీద ఆటుపోట్ల పట్టిక,
సముద్రం ఏ రోజు ఎన్నింటికి పొంగుతుందో
ఏడాది ముందే అచ్చువేసిన అంకెలు.
లోపలి పేజీల్లో మాత్రం
రాజధానిలో సభ ఎప్పుడు మీట నొక్కుతుందో.
"అది ఏ చంద్రుడి మాటా వినదు" అంటుంది.
అందుకే పెన్సిల్.

మొదట్లో నాకు ఓపిక లేదు.
నా పడవ తొమ్మిది మీటర్లు, అప్పు దానికంటే పొడుగు.
చిన్న పడవలకి వేసవిలో ఇంకో పన్నెండు రోజులిచ్చే బిల్లు
వస్తే వస్తుంది, పోతే పోతుంది,
రేడియోలో చెప్తారుగా అన్నాను.
కళ్ళద్దాల పైనుంచి చూసింది:
"రేడియో చెప్పేది వండి వార్చాక.
నీకు తెలియాల్సింది ఎసరు ఎప్పుడు పెడతారని."

ఆ వసంతమంతా ఎసరు కాశాం.
ఒక్కో బిల్లుని మూడుసార్లు చదవాలి.
రెండోసారికి ముందు కమిటీ నివేదిక రావాలి,
అది రాకుండా తేదీ చెప్పేవాణ్ణి నమ్మకూడదు.
నివేదిక వచ్చింది. అడుగున మూడు సంతకాలు లేవు.
లేని సంతకాలకి ఆమె ఎర్రచుక్కలు పెట్టింది.
రేపటి ఎజెండా ఇవాళ సాయంత్రం బయటికొస్తుంది;
మనవడు దాగ్‌బ్యార్తుర్ ఫోన్లో చదివి చెప్తే
ఆమె అంకె దిద్దేది.
పద్నాలుగో అంశం. తొమ్మిదో అంశం. మళ్ళీ పదిహేడు.
రబ్బరు రుద్దీ రుద్దీ జూన్ నెల కాగితం పలచబడి
వెనకాల మే నెల కనిపించింది.

"మాట్లాడేవాళ్ళ జాబితా చూడు.
ఇరవై పేర్లుంటే పడుకో.
అయిదుంటే బూట్లు విప్పకు.
రెండుంటే కాఫీ పెట్టు."

థింగ్ అంటే సభ, ఏయ్రి అంటే గులకరాళ్ళ తిన్నె.
ఒకప్పుడు ఇక్కడే కూడి తగవులు తీర్చుకునేవారట.
అప్పుడు ఆచూకీ తీయడం తేలిక:
కొండ దిగే గుర్రాల్ని లెక్కపెడితే చాలు.

జూన్ పదమూడు. సభకి ఆఖరి రాత్రి.
అది దాటితే తేలని బిల్లు చచ్చినట్టే,
మళ్ళీ మొదటినుంచి చదవాలి.
గాలి ఆగింది. కాడ్ చేప ఒడ్డుకి దగ్గరగా వచ్చిందని కబురు.
మేమంతా నీళ్ళ మీద, చీకటి పడని రాత్రిలో,
గాలానికి ఒక కన్ను, రేడియోకి ఒక చెవి.

పదకొండింటికి ఆమె గొంతు: "ఏడుగురు."
ఒంటిగంటకి: "ముగ్గురు."
కేతిల్ పడవలోంచి ఎవరో ఈల వేశారు.
ఒంటిగంటా నలభైకి: "ఒక్కడే.
కానీ గ్లాసు నిండా నీళ్ళు పోసుకున్నాడు."

తర్వాత చాలాసేపు గరగర.
నేనొక చేపని పైకి లాగి
గాలం తియ్యడం మర్చిపోయి నించున్నాను.

రెండూ అయిదుకి: "ఎజెండాలోంచి తీసేశారు.
ఓటు లేదు.
కాటా తెరిచే ఉంది, రండి."

నా చేపలు తూచింది. నాలుగొందల పన్నెండు కిలోలు.
అది సిరాతో రాసింది.
రెండో పుస్తకంలో ఆ వరస తుడిచేస్తుందనుకున్నాను.
తుడవలేదు. పక్కన "జరగలేదు" అని రాసి
అదీ లెక్కే అన్నట్టు గీత కొట్టింది.
పేజీలు తిప్పి సెప్టెంబర్ దగ్గర ఆగింది.

"మన ఓట్లతో వెళ్ళినవాడు ఆ చివరి గంట ఎక్కడున్నాడో
ఎవరికి ఫోన్ చేస్తే తెలుస్తుందో తెలుసా నీకు?"
తెలియదన్నాను.
పెన్సిల్ నా చేతిలో పెట్టి
నంబరు చెప్పడం మొదలెట్టింది.
నాలుగో అంకె దగ్గర మొన విరిగింది.
బయట ఇంకో పడవ తూకానికి వచ్చి ఆగింది.