మూడో మంచం

"నేలకొరిగాడు" అని రాసుకోకండి.
అతను మంచం మీద పోయాడు.
స్థావరంలోని రేకుల ఆసుపత్రిలో, మూడో మంచం,
నలభై మూడు డిసెంబరు, గురువారం తెల్లవారుజామున.
కడుపునొప్పి.
అంత పెద్ద యుద్ధంలో
ఆ మాట పలకడానికి మా వాళ్లకే సిగ్గేసింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు.
ఇది చెట్లు లేని దీవి.
గాలికి ఎదురొగ్గి, కాస్త పక్కకి వాలి నడుస్తాం మేం,
గాలి ఆగిన రోజున తూలిపడతాం.

హెడ్లీ పించెంట్. న్యూఫౌండ్‌లాండ్ వాడు.
చేపలు పట్టేవాళ్ల బిడ్డ,
అందుకే మా అమ్మకి నచ్చాడు.
విమానంలో అతని పని తుపాకీ కాదు.
రెండు థర్మామీటర్లు, ఒకటి పొడిది,
ఒకటి తడిగుడ్డ చుట్టింది.
ఒక బారోమీటరు. చెవి వెనక పెన్సిలు.
పడమరగా ఏడువందల మైళ్లు పోతే
అక్కడేమీ లేదు, నీళ్లే.
ఆ ఏమీ లేనిచోట కిందికి దిగి, దిగి,
నురుగు రెక్కకి తగిలేంత కిందికి దిగి
సముద్రం మీద గాలి బరువెంతో చదివి
అంకెలు వేసుకుని తిరిగొచ్చేవాడు.
నలభై ఒక్కసార్లు.
ఒక్కసారీ శత్రువు కనబడలేదట.
"మబ్బులు కనబడ్డాయి" అనేవాడు
మా పొయ్యి దగ్గర సాక్సు ఆరబెట్టుకుంటూ,
"అవేం తక్కువ తినలేదు."

ఆ ఆదివారం విమానం దిగినప్పుడే
నడుం రెండుగా వంగిపోయి ఉంది.
చలి అనుకున్నారు.
అంకెలు మాత్రం వంకరపోలేదు:
పాదరసం జారుతోంది. పెనుగాలి.
రేపు సాయంత్రానికి.

చెప్పిన వేళకే వచ్చింది.
డాక్టరు అంతకు ముందురోజే
కాలు విరిగిన మెకానిక్కుని తీసుకుని ఓబన్ పోయాడు.
అక్కడ రేవులో ఓడ ఉంది, సంచిలో కత్తులున్నాయి.
మధ్యలో గాలి.
మా పెదనాన్న లాకీ రెండుసార్లు పడవ తోశాడు,
రెండుసార్లూ సముద్రం తెచ్చి
ఇసుక మీద పెట్టింది, మర్యాదగానే.
మంచుగడ్డ లేక నర్సు గుమ్మంలో వడగళ్లు ఏరి
గుడ్డలో మూటకట్టి కడుపు మీద ఉంచింది.
అతను అడిగిందల్లా పాదరసం ఎంతుందని.
ఆమె చెప్పేది. తల ఆడించేవాడు,
లెక్క సరిపోయిందన్నట్టు.

ఆ సోమవారం రాత్రి
తూర్పున ఎక్కడో విమానాలు లేవలేదు,
గాలి వస్తోందన్న కబురు అందుకుని.
ఎందరు కుర్రాళ్లు పేకాడుకుని, తిట్టుకుని, పడుకున్నారో
వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు.
ఇది నేను అనుకునే మాట. మీరు కాగితాల్లో వెతక్కండి.

నలభై తొమ్మిదిలో రాయి నిలబెట్టేటప్పుడు
కమిటీ రెండు సాయంత్రాలు కొట్లాడింది.
"పోరులో ఒరిగినవారు" అని పైన ముందే చెక్కేశారు,
ఇక ఇతన్ని ఎక్కడ పెట్టడం?
పైగా దీవివాడు కాదుగా, అన్నాడు పోస్టుమాస్టరు.
ఏ దీవివాడు కాదు, అంది మా అమ్మ.
చివరికి రాతి పక్కకి, గాలి కొట్టే వైపు,
పేరొక్కటే.
ఏమయ్యాడో చెప్పే క్రియ లేకుండా.

అరవై రెండులో వాళ్లక్క వచ్చింది, విన్నిఫ్రెడ్.
పుల్లటి ఎర్రపళ్ల జాము సీసా, ఒక్క ప్రశ్న.
"మంచం పక్కన కిటికీ ఉందా?"
ఉందన్నాను.
"ఏం కనబడుతుంది?"
ఆకాశం, అన్నాను.
రాత్రిళ్లు దీపం బయటికి పొక్కకుండా
ఆ కిటికీకి నల్లపలక దిగ్గొట్టి ఉండేదని,
ఆ మూడు రోజులూ పగలు కూడా తీయలేదని
చెప్పలేదు.
ఆమె ఏడవలేదు. సీసా మూత బిగుసుకుపోతే
తిప్పి తీసి నా చేతికిచ్చింది.

మూడు గుడ్ల బాకీ మా అమ్మకి.
చాలాకాలం గోడ మీద సుద్దతో ఉండేది,
సున్నం వేసిన ఏడాది పోయింది.

ఫోటో తీసుకోండి. ఇటు నుంచి,
అక్షరాల్లో నీడ పడుతుంది.
నాచు గీకకండి, రాయి పాడవుతుంది.
త్వరగా కానివ్వండి మరి.
మూడింటికి వాన.