దూది

ముప్పై మాత్రలు.
డబ్బా అరచేతిలో ఇమిడేంత.
నడిస్తే మాత్రం మోగుతుంది
పసిపిల్ల చేతిలో గిలక్కాయలా.

మ్ఫాంగానో దీవిలో ఇళ్లకి రేకు గోడలు.
గోడలకి చెవులుంటాయంటారు,
మా గోడలే చెవులు.
అందుకని దూది కుక్కుతాను,
మూత బిగించి చెవి దగ్గర ఆడిస్తాను.
చప్పుడు లేదు.
అప్పుడిక ఎండు ఒమెనా చేపల తట్టలో, అడుగున.
నీచు వాసనే కాపలా.

నన్ను అకేయో అంటారు. చేపలమ్ముతాను.
చేప కావాలంటే పడవ కావాలి,
పడవ నాది కాదు.
పడవాయన డబ్బు తీసుకుంటాడు,
చేపలు తక్కువ పడ్డ రోజున
డబ్బుతో పాటు ఇంకోటీ అడుగుతాడు.
ఒడ్డున అందరికీ నోటికొచ్చిన లెక్కే,
ఏ పుస్తకంలోనూ ఎక్కని లెక్క.
నీతులు చెప్పేవాళ్లు ఆదివారం వస్తారు.
పోతూ పోతూ
తాజా చేపుందా అని అడుగుతారు.

ఆస్పత్రిలో ఈ మందిచ్చేది మంగళవారం,
తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా.
సరిగ్గా ఆ ఎండలోనే చేపల్ని తిరగెయ్యాలి.
మందుకి పోతే కాకులు తింటాయి,
చేపల దగ్గరుంటే కిటికీ మూస్తారు.
ఆ కిటికీ కూడా వేరే,
పచ్చ రంగు పూశారు, దూరానికి కనపడాలని.
కనపడుతుంది.
జ్వరాలు ఇటు, బాలింతలు అటు,
పచ్చ కిటికీ ముందు ఒక్కసారి నిలబడితే
ఊరే నీ పేరు రాసుకుంటుంది.

జూన్‌లో పెట్టె రాలేదు.
కిసుములో ఉందన్నారు,
కిసుము వాళ్లు నైరోబీ అన్నారు.
జూలైలో వచ్చిందట, నేనే వెళ్లలేదు.
రెండు నెలలు.
ఆ రెండు నెలలూ పడవాయన ఆగలేదు.

ఆగస్టులో వేలు పొడిపించుకున్నాను.
చుక్క రక్తం, వేలెడంత పట్టీ,
ఒక గీతా, రెండు గీతలా,
పదిహేను నిమిషాలు.
నా చిన్నదాని స్కూలు చొక్కాకి
కుట్టాల్సిన గుండీ ఒకటే గుర్తొస్తోంది,
ఎంత ఆలోచించినా అదే గుండీ.

"ఒకటే గీత" అన్నాడు ఒడివోర్.
కళ్లజోడు కాడకి దారం చుట్టుకున్న నర్సు.
ఎందుకు మానేశావని అంటాడనుకుని
జవాబులు వరసగా పేర్చుకునున్నాను.
"నీకెప్పుడు వీలవుతుంది?" అన్నాడు.
ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు,
నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.

తెల్లారకముందు, అన్నాను చివరికి.
పడవల దీపాలు ఇంకా సరస్సులోనే ఉంటాయి,
మేమంతా ఒడ్డున చలికి ముడుచుకుని ఉంటాం,
చేతులు ఖాళీగా.

సెప్టెంబరు. నాలుగున్నర.
మడత బల్ల, లాంతరు, ఒక పెట్టె, ఒడివోర్.
పచ్చ రంగు ఎక్కడా లేదు.
బీపీ చూస్తాను రండి అన్నాడు.
ఎవరూ చూడనట్టే చూశారు.
దోమలు మాత్రం వరస కట్టాయి.

మొదట లేచింది న్యార్ ఉగెన్యా,
మనవలున్న మనిషి.
"ముసలిదని తీసెయ్యకు నాయనా, రాయి.
పడవ ముసలైనా నీళ్లలోకే దిగుతుంది."
ఒడ్డంతా నవ్వింది.
నవ్వు తగ్గేలోపు ఆమె వెనక ఆరుగురం.

తెల్లారింది. పడవలొచ్చాయి.
ఆమె బుట్ట ఎత్తుకుని నీళ్లలోకి నడుస్తోంది,
అడుగడుక్కీ మోగుతూ.
దూది పెట్టలేదు.
పెట్టాలని ఆమెకి తోచనే లేదేమో.
"ఏంటా చప్పుడు?" పడవాయన.
"గింజలు."
"ఏ గింజలు?"
"నావి.
చేపలు తూచు."

అతను తూచాడు.
తక్కెడ కాస్త అటే మొగ్గిందని
పక్కనున్న పిల్ల అంది గానీ, నేను నమ్మను.

ఇంటికొచ్చి నా డబ్బా మూత తీశాను.
దూది తియ్యలేదు నేను.
సగం తీశాను.
ఇప్పుడు నడిస్తే
చిన్న చప్పుడు,
నాకు వినపడేంత.