జారిన ముడి

ఇనుము కాదది, నూలుతాడు.
చీపురుపుల్లంత లావు సూదుల మీద
నేనే అల్లాను, మా వంటింట్లో,
బొగ్గు లేని పొయ్యి పక్కన కూచుని.
అల్లాక వెండిరంగు చిమ్మితే
టీవీలో అది గొలుసు కవచం.
కోట దొర భటులకి ఇరవై నాలుగు కావాలన్నారు,
ఒక్కోదానికి నాలుగు పౌండ్లు.
సమ్మెలో ఏడో నెల అది.
దొర భటులకా, దొంగలకా అని
నేను అడగలేదు.

ఎనిమిది వందల ఏళ్ల కిందట
మా యార్క్‌షైర్ అడవిలోనే తిరిగేవాడట వుల్ఫ్‌రిక్.
పన్నుల బళ్లాపి, బస్తాలు కోసి
తిండిలేని గడపల్లో గోధుమలు కుమ్మరించేవాడట.
మా తాత చెప్పిన వుల్ఫ్‌రిక్‌కి ఒక కన్ను లేదు,
ముక్కు వంకర.
లండన్ నుంచి వీళ్లు తెచ్చినవాడికి
రెండు కళ్లూ ఉన్నాయి,
పళ్లు కూడా అన్నీ ఉన్నాయి.

గనిలో పని ఆగి ఊరంతా రోడ్డు మీదుంటే
మనుషుల కోసం వాళ్లు వెతకాల్సిన పని లేకపోయింది.
చర్చి హాల్లో వరస కట్టారు మావాళ్లు.
దొంగలకి రోజుకి తొమ్మిది పౌండ్లు,
ఆకలి రైతులకి ఎనిమిది,
భటుడికి పదకొండు.
శిరస్త్రాణం బరువని చెప్పారు గానీ
అసలు సంగతి, ఎవరూ ముందుకి రాలేదు.
తెల్లారి నాలుగింటికి గని గేటు దగ్గర
పోలీసుల డాళ్లకి భుజం ఆనించి తోసినవాడు
తొమ్మిదింటికి డాలెలా పట్టుకుంటాడు?

ఆ సాయంత్రం మా క్లెమ్ బూట్లు విప్పుతూ అన్నాడు:
"దొంగల్లో వేశారు మేవిస్,
చెట్టు వెనకాల నిలబెట్టారు. కనబడనులే."
శుక్రవారం కవరులో పది పౌండ్లు ఎక్కువున్నాయి.
ఓవర్‌టైమ్ అన్నాడు.
దొంగలకి ఓవర్‌టైమా అని
కళ్లనీళ్లొచ్చేలా నవ్వాను.
ఆ పదితో జూడిత్‌కి వానబూట్లు కొన్నాం,
ఎర్రవి, ఒక సైజు పెద్దవి.

వసంతంలో సమ్మె ఓడింది.
బ్యాండు మోగించుకుంటూ, తల ఎత్తుకునే
గనిలోకి తిరిగి నడిచారు.
వుల్ఫ్‌రిక్ ప్రసారమైన శనివారానికి
మా ఇంట్లో టీవీ లేదు.
అద్దె కట్టలేదని షాపువాళ్లు మోసుకుపోయారు,
గోడ మీద నలుచదరపు మరక మిగిలింది.

క్లెమ్ పోయి రెండేళ్లు.
మొన్న మధ్యాహ్నం పాత సీరియళ్ల చానల్లో
బూరలు మోగాయి, గుర్రాలు ఉరికాయి.
జూడిత్ కూతురు బిస్కెట్ ముంచుతూ
"మన అడవే కదా అమ్మమ్మా?" అంది.
ఐదో భాగం.
పేదల గుడిసెల మీద భటులు పడ్డారు.
మూడోవాడి ఎడమ భుజం మీద చిన్న కంత.

జూడిత్ జ్వరంతో ఏడ్చిన రాత్రి
నేను లేచివెళ్లినప్పుడు జారిన ముడి అది.
వెండిరంగు దాన్ని పూడ్చలేదు.

ఆ కవచం ఎవరైనా తొడుక్కోవచ్చు, నిజమే.
కానీ ఆ ఎడమకాలు,
గని కప్పు కూలిన ఏడాది నుంచీ
మెట్లెక్కేటప్పుడు సగం అడుగు వెనకపడే ఆ కాలు...

వెనక్కి తిప్పమన్నాను.
భటుడు ఒక ముసలి రైతుని బురదలోకి తోశాడు.
రైతు మా నార్మన్ బిర్కిన్.
గేటు దగ్గర ఏడాదంతా
క్లెమ్ పక్కనే నిలబడ్డ నార్మన్.
మళ్లీ తిప్పమన్నాను.
తోశాక, అంగుళం కూడా లేని ఆ క్షణంలో
ఇనుపటోపీ కింద పెదాలు కదిలాయి.
పైన డప్పుల మోత, మాట వినబడదు.
నలభై ఒక్కేళ్లు ఎదురుగా కూచుని
టీ తాగినదాన్ని, నాకు వినబడక్కర్లేదు.
"తగిలిందా, నార్మ్?"

"ఎవరమ్మమ్మా అతను?"
ఎవరో దొర మనిషి అన్నాను.
"మరి తాతేడీ?"
దొంగల్లో ఉంటాడమ్మా,
ఆ చెట్ల వెనకాల చూడు, బాగా చూడు.

పిల్ల తెరకి దగ్గరగా జరిగింది.
నేనూ కళ్లద్దాలు తుడుచుకుని వంగాను.
ఒక్కో మానూ వెతికాం.
బిస్కెట్ టీలో కరిగిపోయింది.