పన్నెండో గడి

ఇసకపల్లి ఉప్పుకొటార్ల గట్టు మీద
చెప్పులు చేతబట్టుకుని నడుస్తుండా.
చంకలో పంచాయితీ జీవవైవిధ్య రిజిస్టరు,
ముందు తుపాకుల మస్తానమ్మ,
ఆమె వెనక ఆమె కుక్క,
కుక్క వెనక
నెలకు ఆరువేల తాత్కాలిక ఉద్యోగం.

ఒకటో గడి, మొక్క పేరు.
"ఇలకూర," అంది తల తిప్పకుండా.
నాలుగో గడి, వాడకం.
వేట లేని నెలల్లో కోసుకొచ్చి
మూడుసార్లు ఉడికించి, మూడుసార్లు వార్చి,
రొయ్యపొట్టు కలిపి...
"ఉప్పు ఎయ్యబళ్ళా" అని నవ్వింది.
గడి చాల్లేదు.
అక్షరాలు చిన్నవి చేసి అంచుదాకా రాశా.

నాలుగేండ్ల కిందట ఒకాయన జీపులో వచ్చి
ఈ గట్లన్నీ ఈమె వెనకే తిరిగాడు.
ఏ మడి పక్కది చవుడెక్కువ తాగుద్ది,
ఏది ఎండల్లో ఎర్రబడి కూడా చావదు,
అన్నీ అడిగి
మూడు కొమ్మలు ఐసుపెట్టెలో పట్టకపొయ్యాడు.
ఈమెకు వంద రూపాయలు, ఒక ఫోటో.
ఫోటో పంపిస్తానన్నాడు.

ఆ కొమ్మలు ఏమయ్యాయో నాకు తెలుసు,
ఆఫీసులో కాయితాలు కుట్టేది నేనే గదా.
కొమ్మను నూరారు, నూరినదాన్ని చదివారు,
నాలుగంటే నాలుగే అక్షరాలు
మార్చి మార్చి రాసిన పొడుగాటి వరస
ఎవరైనా చూసుకోవచ్చని ఆకాశంలో ఆరేశారు.
ఎక్కడో ఎవరో దించుకున్నారు.
మిషను మీద ఆ వరసే మళ్ళీ పేర్చి
వరికి అతికించారు.
ఉప్పునీళ్ళలో నిలబడిందంట ఆ వరి.

అబద్ధమెందుకు, నాకు సంతోషమేసింది.
రొయ్యలగుంటల పక్కన
మా మేనమామ రెండెకరాలూ తెల్లగా చవుడు తేలి
ఏడేండ్లయింది.

వాటా సంగతి రాస్తే జవాబొచ్చింది:
మీ మొక్కను మేము వాడలేదు,
దాని ఆకు ఒక్కటి కూడా మా దగ్గర లేదు,
మేము వాడింది సమాచారం.
సంతకం మాత్రం చాలా అందంగా ఉంది.

ఇదంతా మస్తానమ్మకు ఎట్టా చెప్పేది?
తోచినట్టు చెప్పా.
గట్టు మీద గొంతుక్కూర్చుని విన్నది.
"అంటే, చేపను పట్టలా.
చేప ఈదే తీరు పట్టకపొయ్యారు."
కాసేపాగి, "మంచి వలే," అంది.

తర్వాత, దేనికో గుర్తొచ్చినట్టు,
చిన్నప్పుడు కోతలైన చేలల్లో
ఎలకబొక్కలు తవ్వే సంగతి ఎత్తింది.
గింజలన్నీ ఊడ్చుకు రాబాక,
అడుగున రెండు దోసిళ్ళు వదిలెయ్ అనేదంట వాళ్ళమ్మ.
ఆకలేసిన ఏడు కూడానా?
"ఆకలేసిన ఏడు కూడా.
పోగేసింది అది గదా."

పన్నెండో గడి.
ఈ తెలివి ఎవరిది? ఒక్క పేరు మాత్రమే రాయవలెను.
"మా అత్త పేరు రాయి, చెంగమ్మ.
ఆమెకు చూపించింది పోలేరు అవ్వ,
తుఫానులో పొయ్యింది.
ఆ అవ్వకు ముందు
ఎవరిదో మేక తినిందంట.
మేక చావలా, అందుకని మేము తిన్నాం."

చెమటకు పెన్ను జారతా ఉంది.
చెంగమ్మ, పోలేరు అవ్వ,
గీత దాటి మార్జిన్‌లోకి మేక.
పై ఆఫీసులో దీన్ని కొట్టేస్తారు.
కొట్టేసినా కింద కనపడేట్టు
గట్టిగా ఒత్తి రాశా.

అప్పటికి ఆమె కొడవలితో
దుబ్బు కదలకుండా లేతకొసలు కోసి
నా సంచిలో ఇన్ని కుక్కింది.
కుక్క లేచింది.
"మూడుసార్లు," అంది పోతా పోతా,
"వార్చేది మర్చిపోబాక."