వంతు

నీరు పల్లమెరుగు అంటారు.
మా పల్లం మాత్రం నీటికి ఏనాడూ తెలీలేదు.

లాకుల దగ్గర గట్లు ఒరుసుకుంటూ బయల్దేరిన కాలువ
ఒక్కో తూము దగ్గర ఒక్కో పెద్దమనిషిని పలకరించి
కాట్రేనికోన దాటేసరికి
అరికాలు తడిసేంత.

దాళ్వాలో వంతు పెట్టేవారు.
మూడు రోజులు పైవాళ్ళకి, మూడు రోజులు మాకు.
మా మూడింట్లో
మొదటి రోజు కాలువ తడవడానికే సరి,
రెండో రోజు దారిలో ఎవరో తాగేసేవారు,
మూడో రోజు ఆదివారం, లస్కరు రాడు.

మా నాన్న ఏసుపాదం, ఎకరంన్నర కౌలుదారు,
పార తలకింద పెట్టుకుని తూము మీద పడుకునేవాడు.
ఇనుముకి చెవి ఆన్చితే
నీళ్ళొచ్చే చప్పుడు ముందే తెలుస్తుందనేవాడు.
ఓ రాత్రి నేనూ ఆన్చి విన్నాను.
పైన ఎవరిదో చేపల చెరువు మోటారు.

పంట ఎండినా కౌలు ఎండలేదు.
పదహారు బస్తాలు, కాటా మీద.

రొయ్యల షెడ్డులో తలలు తుంచీ తుంచీ
ఐసుకి మొద్దుబారిన అమ్మ వేళ్ళకి
అన్నం ముద్ద వేడి తెలిసేది కాదు.
ఆ వేళ్ళతోనే నా పాలిటెక్నిక్ ఫీజు లెక్కపెట్టింది,
రెండుసార్లు.

ఇప్పుడు నేను ఏఈని.
జీపు, గేజీ పుస్తకం, షట్టరు తాళంచెవి.
అమలాపురంలో అద్దె ఇల్లు. మా సందులో
మునిసిపాలిటీ నీళ్ళు మొదట మా కుళాయికే వస్తాయి.
చివరి ఇల్లు ఎవరిదో
నాలుగేళ్ళయినా అడగలేదు.

ఈ రాత్రి శివారు తనిఖీ.
టార్చి వెలుగులో తూము మీద ఒకాయన,
తలకింద పార.
నాకు కాళ్ళు ఆడలేదు.
గబుక్కున లేచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు,
అచ్చం నాన్న పెట్టుకున్నట్టే.
నాన్న ఎవరి ముందు పెట్టుకునేవాడో
ఆ చోట నేను నిలబడి ఉన్నాను.

పుస్తకం తెరిచాను.
పాతికేళ్ళుగా ప్రతి దాళ్వాకీ ఒకటే మాట, చేతిరాతలే వేరు:
"శివారుకు నీరు చేరినది."
మా చేను బీటలిచ్చిన ఏడూ చేరినది.
నాన్న కౌలు వదిలేసి ఇసుక పడవెక్కిన ఏడూ
చేరినది.

కింద రాశాను: చేరలేదు.
సంతకం, తేదీ, వేళ.

"ఏం రాశారండీ?"
చదివి వినిపించాను.
ఆయన పుస్తకం వంక చూశాడు,
ఎండిన బోదె వంక చూశాడు.

"రాస్తే వస్తాయాండీ, అమ్మగారూ?"