చేబదులు నీళ్లు

ఆఖరి ఫెర్రీ ఆరూ ఇరవైకి.
ఆ తర్వాత ఏది అంటుకున్నా
ఆర్పాల్సింది మేమే.

స్టేషనంటే రేకుల షెడ్డు. మూడు తలుపులు,
మూడోది భుజంతో నెడితేగానీ లేవదు.
లోపల తడి కాన్వాసు, డీజిలు, నిన్నటి కాఫీ వాసన.
గొట్టాలు ఆరేసే బురుజులో
గుడ్లగూబ ఒకటి కాపురం పెట్టింది.
దాన్ని లేపొద్దని పలక మీద రాసింది మార్లిస్,
మా చీఫ్. వారంలో ఐదు రోజులు
ఆమె బడి బస్సు తోలుతుంది.

ఇంజను ఏదో నగరం వాడి వదిలేసింది.
తలుపు మీది పాత ఊరి పేరు గీకేశాం గానీ
సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే
అక్షరాలు మళ్లీ లేస్తాయి.
ట్యాంకరు ఒకప్పుడు పాలు మోసింది.
పట్టేది రెండు వేల గ్యాలన్లు.
మిట్ట ఎక్కేటప్పుడు కడుపులో నీళ్లు తూలి
బండిని వెనక్కి లాగుతాయి.
పికప్పుకి సైరన్ లేదు,
ఇసావో తకేదా తల బయటపెట్టి అరుస్తాడు.

వీధి కుళాయిలు లేవు, హైడ్రెంట్లు లేవు.
ఇల్లు కాలుతుంటే బావి తవ్వే గతి పట్టకూడదని
ముందువాళ్లు తవ్వించిన తొట్లున్నాయి.
వాటి లెక్క నాది.
నెల మొదటి ఆదివారం
గీతల కర్ర, నోటు పుస్తకం పట్టుకుని బయల్దేరతాను.

బడి వెనక సిమెంటు తొట్టి: నిండుగా.
చర్చి కప్పు వాన పట్టేది: మోకాలి లోతు, ఒక చచ్చిన ఎలుక.
ఉత్తరపు మలుపు: పగులు, కారుతోంది, డబ్బుల్లేవు.
క్వారీ గుంట: బోలెడు నీళ్లు, కానీ దీవికి ఆ కొసన,
మంటకు అందనంత దూరం.
పెట్రోనెల్లా కుంట: ఏడడుగులు. బాతులు మూడు.

వాంకూవర్ నుంచి వేసవికి వచ్చినవాళ్లు
సముద్రాన్ని చూపించి నవ్వుతారు.
ఒకసారి తోడాం, మంటా ఆరింది.
ఆ చలికాలమంతా పంపుని
ఉప్పు చెదలా తిన్నది.

ఆగస్టులో, అర్ధరాత్రి దాటాక పేజరు కూసింది.
డాల్‌గ్రెన్ వాళ్ల పడవల కొట్టం.
రోడ్డు మీద గుడ్డ తొట్టి పరిచి
పాల ట్యాంకరుతో మోశాం,
కుంట నుంచి మంటకి, మంట నుంచి కుంటకి
తొమ్మిది సార్లు.
తొమ్మిదోసారి గొట్టం
నీళ్లు కాక గాలి పీల్చి గరగరలాడింది.
అప్పటికి చాలు.
కొట్టం పోయింది. ఇల్లు మిగిలింది.
ఇంటి వెనక ఫర్ చెట్లు,
వాటి వెనక మేమందరం మిగిలాం.

తెల్లారి వెళ్తే కుంటలో బురద,
బురదలో బాతులు నడుస్తున్నాయి
దారి తప్పిన ముసలమ్మల్లా.
గట్టు మీద పెట్రోనెల్లా, రబ్బరు బూట్లు, ఎనభై ఒకటేళ్లు.
క్షమాపణ నోట్లో కూడదీసుకుంటుంటే
ఆమె అడిగింది, ఎన్ని గ్యాలన్లు?
పద్దెనిమిది వేలు.
రాసుకో, అంది. చేబదులు.

ఇసావో ఎవరినీ అడగలేదు.
ట్యాంకరు తీసి, దీవి ఆ కొసకు పోయి,
క్వారీ గుంట నుంచి ఒక్క ట్రిప్పు తెచ్చాడు, బాతులకని.
జమ రెండు వేలు, బాకీ పదహారు.
మిగతాది వాన ఇవ్వాలి.

అక్టోబరు మొదటి ఆదివారం.
పెట్రోనెల్లా కుంట దగ్గరికి వెళ్లేసరికి
నాకన్నా ముందే నీళ్లలో ఒక పుల్ల దిగి ఉంది.
చాకుతో కోసిన గాట్లు, రోజుకొకటి.
పక్కన నా కర్ర దించాను.
ఆమె పుల్ల అర అంగుళం ఎక్కువ చూపిస్తోంది.

అప్పిచ్చినామె లెక్క.
అదే రాసుకున్నాను.